ఐదో గడప

చేవెళ్ల,
5 జూలై 2000.

చెల్లె నిర్మలకు,

సత్తయ్య టమాటా ట్రాలీ ఇక్కడి మార్కెట్లో సరుకు దింపి మీ ఊరికి ఖాళీగానే తిరిగి వస్తుంది కదా, అందులో ఒక సంచి వేసి పంపుతున్నాను. సంచి బరువు చూసి అన్న చీరెలు పంపాడని సంబరపడకు. అన్నీ కాగితాలే.

సంగతి చెబుతాను. ఈ వానాకాలం మొదలైనప్పటి నుంచి చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో అక్కడొకరికి ఇక్కడొకరికి పచ్చకామెర్లు వస్తున్నాయి. తాగే నీళ్లలోనే ఏదో ఉందని డాక్టర్ల అనుమానం. నగరంలోని ఒక ఆరోగ్య సంస్థ ఈ చుట్టుపక్కల పన్నెండు ఊళ్లలో సర్వే చేయిస్తోంది. అన్ని ఊళ్లకూ ఒకేసారి డాక్టర్లను పంపడం, నీళ్లు పరీక్ష చేయించడం, పైపులు మార్పించడం వాళ్ల వల్ల కాదట. అందుకని ఎక్కడ జబ్బులు, చావులు ఎక్కువగా ఉన్నాయో చూసి ముందు మూడు ఊళ్లకు వెళ్తారు. మిగతా ఊళ్ల సంగతి తర్వాత.

ఈ పనికి నన్ను సూపర్‌వైజరుగా పెట్టారు. ఒప్పుకోక ఏం చేయను? ఈ ఏడు మా కాలేజీలో స్టాటిస్టిక్స్‌లో చేరిన పిల్లలు ఒక్క ఆటోలో పడతారు. అందరికీ కంప్యూటరు కావాలి, అమీర్‌పేటలో కోర్సు కావాలి, హైటెక్ సిటీలో కుర్చీ కావాలి. మా ప్రిన్సిపాల్ నా క్లాసు గదికి వచ్చినప్పుడల్లా నన్ను చూడడు, ఇందులో ఎన్ని కంప్యూటర్లు పడతాయా అని గోడలు చూస్తాడు. నా చదువు కూడా మనుషులకు పనికొస్తుందని ఒక్కసారైనా చూపించాలని ఉంది.

మీ రేగడిగూడకు నువ్వే సర్వే చేయాలి. ఇంటర్ చదివావు, ఊరందరికీ కోడలివి, నోరున్నదానివి. పద్ధతి జాగ్రత్తగా విను. ఊళ్లోని ఇళ్లన్నిటినీ కలిపి సమష్టి అంటాం. అన్నిటికీ తిరగలేం కాబట్టి కొన్ని ఇళ్లకే వెళ్తాం. అదే నమూనా. ఆ కొన్నిటిని ఎలా ఎంచుకున్నామన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. మార్కెట్లో టమాటా కొనేవాడు బాక్సులో పైన కనపడే కాయలు చూసి ధర చెప్పడు. పైన మంచివి పేరుస్తారని వాడికి తెలుసు. చెయ్యి అడుగుదాకా పోనిచ్చి నాలుగు కాయలు తీసి చూస్తాడు. మీ ఊరికి నేను చిట్టీ తీశాను, మూడు వచ్చింది. ఊరి మొదట్లో మూడో ఇంటితో మొదలుపెట్టు. అక్కడి నుంచి ప్రతి ఐదో గడప. నచ్చిన ఇల్లు కాదు, చాయ పోసే ఇల్లు కాదు, ఐదో గడప. తాళం వేసి ఉంటే మళ్లీ మళ్లీ వెళ్లు. అప్పటికీ మనిషి దొరక్కపోతే కాగితం మీద తాళం అని రాసి, పక్కింటికి వెళ్లు.

జనానికి నెలలు, తారీకులు గుర్తుండవు. ఉగాది నుంచి అని అడుగు, బోనాలకు ముందా తర్వాతా అని అడుగు. భూపాల్ బావను అడిగానని చెప్పు.

నీ అన్న,
నాగేందర్


రేగడిగూడ,
మొయినాబాద్ మండలం,
19 జూలై.

అన్నా,

చీరె లేకపోతే పోయింది, సంచిలో ఒక బిస్కట్ పుడ అయినా వేయకపోతివి.

అట్టకు కాగితం పెట్టి, పెన్ను పట్టుకుని బయల్దేరితే, నేను పింఛన్లు రాయడానికి వచ్చానని ముసలివాళ్లంతా వెంటబడ్డారు. ఐదో గడపకే వెళ్తానంటే నాలుగో గడపవాళ్లు అలిగారు. రాములమ్మ అయితే కొంగు దోపుకుని, "మా ఇంట్ల ఉన్నోళ్లు మనుషులు గాదా?" అని కొట్లాటకే వచ్చింది. ఆమెకు నీ టమాటా కథ చెప్పాను. అంతా విని, "గట్లయితే నేను మీదున్న కాయనా, అడుగున్న కాయనా?" అంది. జవాబు నువ్వే పంపు.

అంతయ్య తాతను వయసెంత అని అడిగాను. "నిజాం దిగిపోయిన ఏడు నేను ఎడ్లను కాస్తున్న. సదువుకున్నదానివి, నువ్వే లెక్కగట్టు" అన్నాడు. ఇంట్లో ఎంతమంది అంటే ఒకాయన, "తినుడుకు ఎనిమిది మంది, పనికైతే నేనొక్కన్నే" అన్నాడు. ఏది రాయాలి? ఎనిమిది రాశాను. ఊరి చివర ఫామ్‌హౌసు కూడా ఐదో గడపకే పడింది. సిటీ ఆయన లేడు, వాచ్‌మన్ గేటు సందులోంచే జవాబులు చెప్పాడు.

చివరి ప్రశ్న దగ్గర మాత్రం నా నోరు పడిపోతోంది. ఉగాది నుంచి ఈ ఇంట్లో ఎవరైనా చనిపోయారా అని, దీపం పెట్టుకున్న ఇంట్లో నిలబడి ఎట్లా అడగమంటావు? మా అత్తమ్మ ఆ మాట విని బియ్యం చెరుగుతున్న చాట కింద పెట్టేసింది. "గదేం మాటనే? కడుపుతోటి ఉన్న పిల్ల ఇంట్ల ఉన్నది. పొద్దంత సావు ముచ్చట అడుక్కుంట తిరిగి గవే కాళ్లతోటి ఇంట్లకొస్తవా?" అని గట్టిగా అరిచింది. ఇప్పుడు బయటే కాళ్లు కడుక్కుని లోపలికి వస్తున్నాను.

చెప్పడం మరిచాను. మా ఆడబిడ్డ శిరీష తొలి కాన్పుకు వచ్చింది. శంకర్‌పల్లి నుంచి హన్మంతు దింపిపోయాడు, పెళ్లాన్ని వదల్లేక గేటు దగ్గర మూడుసార్లు వెనక్కి తిరిగాడు. ఆ పిల్ల వచ్చాక ఇంట్లో నాకు తోడు దొరికింది. నేను రాసుకొచ్చిన కాగితాల్లో కూడికలు నాకన్నా ముందు చేసేస్తుంది. కాన్పు అయ్యాక కంప్యూటరు నేర్చుకుంటుందట. "నువ్వు ఇంటింటికి తిరుగు వదినా, నేను ఏసీల కూసోని ఎక్కిస్త" అంటుంది. పుల్లటి మామిడికాయ అడిగితే ఈ వానల్లో ఎక్కడ తేవాలి? మీ బావ తన ఆటోలో మొయినాబాద్ అంతా తిరిగి ఉత్త చేతులతో వచ్చి తిట్లు తిన్నాడు.

ఊరి పక్కన కొత్త వెంచరు పడింది. వాళ్లు కేబుళ్లకని తవ్విన దగ్గరి నుంచి నల్లాలో మొదటి బిందె మురుగ్గా వస్తోంది. దాన్ని బర్రెకు పోసి, తర్వాతి బిందెలు ఇంట్లోకి పట్టుకుంటున్నాం.

నీ చెల్లె,
నిర్మల


చేవెళ్ల,
2 ఆగస్టు.

నిర్మలా,

రాములమ్మకు చెప్పు: కాయ పైనున్నా, అడుగునున్నా చెయ్యి తగిలే అవకాశం అన్నిటికీ సమానంగా ఉండాలి, అంతే. ఈ ఒక్క ముక్క మా పిల్లలకు ఎక్కించడానికి నాకు ఒక టర్ము పడుతుంది. ఆమెను తీసుకొచ్చి ముందు బెంచీలో కూర్చోబెడతాను.

నీ కాగితాలు చూస్తుంటే కడుపు నిండింది. పన్నెండు ఊళ్ల నుంచి వచ్చినవాటిలో కొట్టివేతలు లేనివి నీవే. ఒక ఊరిలో మావాడు చాయ హోటల్లో కూర్చుని అన్ని ఇళ్ల జవాబులూ తానే రాసేశాడు. అందరికీ ఒకే రకం జ్వరం, ఒకే రోజు! వాణ్ని పంపించేశాను.

ఒక తమాషా చెబుతాను. మీ ఊళ్లో ఇంటికి సగటున నాలుగెకరాలకు పైన భూమి ఉన్నట్టు తేలింది. నువ్వే జమీందారువి! కారణం ఆ ఫామ్‌హౌసు. ఆయన ఒక్కడు వచ్చి కూర్చునేసరికి ఊరంతటి సగటు పైకి లేచింది. అందుకే మేం మధ్యగతం అని ఇంకొకటి చూస్తాం. తక్కువ భూమి ఉన్న ఇంటి నుంచి ఎక్కువ ఉన్న ఇంటి దాకా అందరినీ వరుసలో నిలబెట్టి, సరిగ్గా నడిమి ఇంటిని అడగడం. ఆ ఇంటికి ఉన్నది ముప్పావు ఎకరం. సగటు అబద్ధం చెప్పలేదు, కానీ మీ ఊరిని చూపించనూ లేదు. ఒక అంకె సరిగ్గా ఉన్నంత మాత్రాన సరిపోదని క్లాసులో గొంతు చించుకుంటాను. ఎవరు వింటారు?

చావుల గడిలో అన్ని ఇళ్లకూ సున్నాలే. సంతోషం. ఒక్కటే ఫికర్. తాళం అని రాసిన ఇళ్లు కొన్ని ఉన్నాయి. నువ్వు నిజంగా మళ్లీ మళ్లీ వెళ్లావా? జవాబు చెప్పినవాళ్లు ఎంత ముఖ్యమో, దొరకనివాళ్లు అంతకన్నా ముఖ్యం. వాళ్లు ఎందుకు దొరకలేదో మనకు తెలియాలి. వీలైతే ఇంకోసారి వెళ్లి రా.

శిరీషకు మామిడికాయ దొరకలేదు. సత్తయ్య చేత చింతకాయ తొక్కు పంపుతున్నాను. ఇంట్లో చేసిందే.

నాగేందర్


రేగడిగూడ,
12 ఆగస్టు.

అన్నా,

తొక్కు అందింది. శిరీష గిన్నె నాకింది.

తాళం వేసి ఉంటేనే తాళం అని రాస్తారు. ఇది నాట్ల కాలం. జనం పొద్దున్నే పోయి పొద్దుగూకినాక వస్తారు. నేను కూడా ఇల్లు, పొయ్యి, బర్రె ఉన్నదాన్నే. చేవెళ్లలో కుర్చీలో కూర్చుని ఇంకోసారి వెళ్లి రా అని రాయడం సులువే.

కోపం రాలేదులే. అలసటగా ఉంది. శిరీషకు కాళ్లు వాపు వస్తున్నాయి. మా అత్తమ్మకు ఏ గాలి వీచినా భయమే. ఆమెకు ఇద్దరు పిల్లలు పోయాక మిగిలినవాళ్లు మీ బావ, శిరీష. నిన్న పొద్దున నా రెండు చేతులు పట్టుకుని, "దాని కాన్పు అయ్యేదాక నా మాట ఇను బిడ్డా, తర్వాత నీ ఇష్టం" అంది. అంత పెద్దమనిషి అట్లా అడిగితే ఏమనను?

మిగిలిన కాగితాలన్నీ ఈ సంచిలో పెట్టాను. నా పని అయిపోయింది. ఇక నన్ను ఏమీ అడగకు.

నిర్మల


చేవెళ్ల,
10 సెప్టెంబరు.

చెల్లె నిర్మలకు,

నెల కావస్తోంది, నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. అలిగావా?

కాగితాలన్నీ మాదాపూర్‌లో ఒక కంప్యూటరు కంపెనీకి ఇచ్చి ఎక్కించారు. నిన్న జాబితా వచ్చింది. మీ ఊరు పదకొండో స్థానంలో ఉంది. జబ్బులు కొన్ని ఉన్నాయి గానీ చావులు లేవు కాబట్టి అంత కిందికి పోయింది. మొదటి మూడు ఊళ్లకు వచ్చే వారం నుంచి డాక్టర్లు వెళ్తారు. మీ ఊరి వంతు వచ్చేసరికి ఎండాకాలం కావచ్చు. మీ ఊరు చల్లగా ఉన్నందుకు సంతోషపడి, ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మధ్యలో ఆపి మార్కెట్ దాకా వెళ్లి వచ్చాను. అక్కడ సత్తయ్య కనపడ్డాడు. మాటల్లో మాటగా, శాంతయ్య కోడలు బాలింతగా ఉండి ఆషాఢంలో పోయిందని చెప్పాడు. ఒళ్లంతా పచ్చగా అయిందట. "గా వాడకట్టుల ఇంకొకలు గూడ పోయిన్రు సార్, మీ చెల్లెకు ఎర్కే" అన్నాడు.

ఇంటికి వచ్చి నీ వరుస తీసి చూశాను. శాంతయ్య ఇల్లు ఐదో గడపే. దాని ఎదుట నువ్వు రాసింది తాళం. పసిగుడ్డు ఉన్న ఇంటికి, ఏడుస్తున్న ఇంటికి తాళం ఎట్లా పడింది నిర్మలా?

నాకు నిజం రాయి.

నాగేందర్


రేగడిగూడ,
14 సెప్టెంబరు.

అన్నా,

తాళం లేదు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. శాంతయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు కూడా. నేను కాగితాలు కొంగులో దాచుకుని ఎదురింటి గోడవారగా పోయాను. నేను వస్తే ఆయనే వద్దనేవాడు. మా ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉందని ఊరికి తెలుసు. కడుపుతో ఉన్న మనిషి ఇంటివాళ్లు చావు జరిగిన గడప తొక్కరు. కాన్పు అయ్యేదాకా తొక్కరు. ఇది మా అత్తమ్మ ఒక్కతి పెట్టింది కాదు, నువ్వూ నేనూ పుట్టిన ఊళ్లోనూ ఉంది. మన చిన్నమ్మ కడుపుతో ఉన్నప్పుడు అమ్మ పక్కింటి శవాన్ని చూడ్డానికి పోకుండా కిటికీ మూసుకుని ఏడ్చింది, గుర్తుందా?

అట్లా నాలుగు ఇళ్లు వదిలాను. ఒకటి శాంతయ్యది. ఇంకో ఇంట్లో ఏడో నెల కడుపుతో ఉన్న పిల్ల. మిగతా రెండిళ్లలో ఒక ముసలాయన, పెళ్లి కావాల్సిన ఒక పిల్లగాడు. ముసలాయనకు వయసు మీదపడిందన్నారు, ఆ ఏడో నెల పిల్లకు గాలి సోకిందన్నారు. నాలుగు చావులను పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఆ ఇళ్లను వదిలి పక్కిళ్లకు పోయాను. పక్కిళ్లలో అందరూ బతికే ఉన్నారు. అడిగితే లేదు లేదు అన్నారు, సున్నా సున్నా అని రాసుకున్నాను.

మైల అని రాయడానికి నీ కాగితంలో గడి లేదు. తాళం అని రాయడానికి ఉంది.

నేను శిరీష కోసమే చేశానన్నా. నీ సర్వే కన్నా ఆ పిల్ల కడుపు నాకు ముఖ్యం అనిపించింది. ఇప్పటికీ అట్లాగే అనిపిస్తుంది.

నిన్నటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. ఈ పొద్దు దువ్వెన తీసుకుని ఆమె జడ వేద్దామని ఎదురుగా కూర్చున్నాను. కళ్లు పసుపు రంగులో ఉన్నాయి. మా అత్తమ్మ పసరు పోయించడానికి మనిషిని పిలవమంది. మీ బావ పోయాడు.

అన్నా, నాకు భయంగా ఉంది.

నిర్మల


చేవెళ్ల,
15 సెప్టెంబరు.

నిర్మలా,

పసరు వద్దు. ఈ ఉత్తరం చేతికి అందిన గంటలో శిరీషను సిటీలో పెద్ద దవాఖానకు తీసుకుపోండి. కడుపుతో ఉన్నవాళ్లకు ఈ కామెర్లు చాలా చెడ్డవని మన సర్వే డాక్టరు చెప్పాడు. అత్తమ్మ కాదంటే నా పేరు చెప్పు, తిట్టనీ. నల్లా నీళ్లు ఎవరూ తాగొద్దు, మరగబెట్టనిదే గొంతులో పోయొద్దు. ఊరందరికీ చెప్పు. ఉత్తరం సత్తయ్య చేతికిచ్చి, దొరికిన బస్సులో నేను సంస్థ ఆఫీసుకు పోతున్నాను.

నాకు కోపం వచ్చింది, రాయకుండా ఉండలేను. మనం వెతుకుతున్నది ఆ నాలుగు ఇళ్లనే. మిగతా ఇళ్లన్నీ తిరిగి, ఆ నాలుగింటినీ వదిలిపెడితే వచ్చేది సున్నా కాక ఇంకేం వస్తుంది? చావు ఉన్న చోటికే వెళ్లకుండా చావులు లేవని రాశావు. చదువుకున్నదానివని నిన్ను పెట్టాను. ఒక్క మాట నాతో అని ఉంటే నేనే వచ్చి ఆ గడపల్లో అడిగేవాణ్ని. ఒక్క మాట!

సాయంత్రం. ఆఫీసు నుంచి ఇప్పుడే వచ్చాను. పొద్దున సత్తయ్య దొరకలేదు, ఉత్తరం నా జేబులోనే ఉండిపోయింది; ఈ ముక్కలు కూడా చేర్చి, రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే ఆటోలో మనిషి చేత పంపుతున్నాను. నాలుగు చావుల సంగతి చెప్పాను. అక్కడి అమ్మాయి కంప్యూటరు చూసి, ఫైలు మూసేశారని, అంకెలు మార్చడం కుదరదని చెప్పింది. వచ్చే నెలలో రెండో విడత సర్వే ఉంది, అందులో సరిచేసుకోండి అంది. పెద్దాయన ఊళ్లో లేడు. నేను అరిచాను. నీళ్లు ఇచ్చి కూర్చోబెట్టారు.

పైన రాసినవి కొట్టేద్దామనుకున్నాను. కొట్టేసినా నువ్వు చదువుతావు. చెల్లే, తప్పు నీది ఒక్కదానిదే కాదు. కడుపుతో ఉన్న మనిషి ఇంటి నుంచి నిన్ను చావుల లెక్కకు పంపింది నేను. శిరీష వచ్చిందని నువ్వు రాశావు, అత్తమ్మ అన్న మాటలు రాశావు. చదివి నవ్వుకున్నాను తప్ప ఆలోచించలేదు. మనది కూడా అదే ఆచారం, నాకు తెలియనిది కాదు.

వెంటనే బయల్దేరండి.

అన్న


హైదరాబాద్,
పెద్ద దవాఖాన వరండా,
26 సెప్టెంబరు.

అన్నా,

నువ్వు నిన్న వచ్చి వెళ్లాక రాత్రికి శిరీషకు మతి తప్పింది. మనిషిని గుర్తుపట్టడం లేదు. మీ బావను చూసి హన్మంతు అనుకుంటోంది, హన్మంతును చూసి ఎవరో అనుకుంటోంది. కాలేయం పాడైందని డాక్టరమ్మ చెప్పింది.

ఆమె నన్ను పక్కకు పిలిచి, మీ ఊళ్లో ఇంకెవరికైనా ఇట్లా వచ్చిందా అని అడిగింది. ఆ నాలుగు ఇళ్ల పేర్లు చెప్పాను. వాళ్లంతా ఏ నీళ్లు తాగారని అడిగింది. అందరిదీ ఒకే నల్లా లైను అన్నాను. మంచి మనిషి, నా భుజం మీద చెయ్యి వేసి పోయింది.

ఈ ప్రశ్నలే నేను ఊళ్లో అడగాల్సింది. ఆ రోజు నా చేతిలో పెన్ను కూడా ఉంది.

అత్తమ్మ కూతురి కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు రుద్దుతోంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు.

నిర్మల


రేగడిగూడ,
12 అక్టోబరు.

అన్నా,

శిరీష మట్టికి నువ్వు వచ్చి వెళ్లిన తర్వాత ఉత్తరం రాయడానికి చేతులు రాలేదు. ఇంట్లో ఎవరికీ ఏమీ చేతకావడం లేదు. బతుకమ్మ ఆడటానికి మా వాడకట్టు వాళ్లు వేరే వీధికి పోయారు. శిరీష బట్టలు హన్మంతు తీసుకుపోతానని వచ్చి, సంచి ఇక్కడే మరిచిపోయి వెళ్లాడు. మీ బావ ఆటో తీయడం లేదు. బిడ్డ కడుపులోనే పోయిందని డాక్టరమ్మ చెప్పినప్పుడు, ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగింది అత్తమ్మే. ఆడపిల్ల.

నీ విద్యార్థి ప్రవళిక నిన్న వచ్చింది. రెండో విడతకు నువ్వు కొత్త నియమం పెట్టావట కదా, చావు జరిగిన ఇల్లు వదలొద్దని, లోపలికి రానివ్వకపోతే గడప బయట నిలబడైనా అడగాలని. పిల్ల చక్కగా అడుగుతోంది. శాంతయ్య ఇంటి ముందు నిలబడి ఆయన చెప్పినదంతా రాసుకుంది. ఆయన ఏడుస్తూనే చెప్పాడు. ఈసారి ఎవరూ లేదు అనలేదన్నా. చిన్న ప్రశ్న వేస్తే పెద్ద జవాబు చెప్పారు.

మా వాకిట్లోకి వచ్చేసరికి ఆ పిల్ల తల వంచుకుని దాటిపోబోయింది. ఈసారి నువ్వు మళ్లీ చిట్టీ తీస్తే మళ్లీ మూడే వచ్చిందట, ఐదో గడప అప్పటిలాగే అంతయ్య తాత ఇంటికి పడింది. మాది నాలుగోది. అరుగు మీద పడుకుని ఉన్న అత్తమ్మ లేచి కూర్చుంది.

"ఎటు పోతున్నవు బిడ్డా?"

"పక్కింటికి అవ్వా. మీ ఇల్లు రాలే. ఐదో గడపకే పోవాలన్నరు సార్."

"పక్కింట్ల ఎవరు పోయిన్రు? ముసలోడు గట్టిగనే ఉన్నడు. నా ఇంట్ల పోయిన్రు. నా ఇంట్లకు రా."

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను ఏం చెప్పను? నీ నియమం నాకు తెలుసు. కావాలని ఒక ఇంటిని వదలడం ఎంత తప్పో, కావాలని ఒక ఇంటిని చేర్చడం కూడా అంతే తప్పు. నువ్వే నేర్పావు. అట్లా అని అత్తమ్మతో అనగలనా?

అత్తమ్మ దిగి వచ్చి ప్రవళిక చెయ్యి పట్టుకుంది. ఇంకా మైల తీరలేదు. మా ఇంటికి చుట్టాలే రావడం లేదు. అట్లాంటిది, నన్ను చావు ముచ్చట ఇంట్లోకి తేవద్దన్న మనిషి, పరాయి పిల్లను చెయ్యి పట్టి గడప దాటించింది. శిరీష పడుకున్న మంచం చూపించింది.

"గీడ పండేది. రాసుకో. ఎంతమంది అని అడుగవేంది?"

"ఎంతమంది అవ్వా?"

"ఇద్దరు."

ప్రవళిక పెన్ను ఆగిపోయింది. పుట్టి ఏడవని బిడ్డను చావుల గడిలో రాయకూడదని ఆమెకు నేర్పి ఉంటావు. నోరు తెరిచి ఆ మాట చెప్పబోయింది కూడా. అత్తమ్మ ముఖం చూసి, తల వంచుకుని రాసేసింది. రాస్తూ ఏడ్చింది. రాశాక అత్తమ్మ ఆ కాగితం తీసుకుని చూసింది. ఆమెకు చదువు రాదు. "ఏది ఇద్దరు?" అని అడిగింది. ప్రవళిక వేలు పెట్టి చూపించింది. అత్తమ్మ ఆ అంకె మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు.

ఆ కాగితాన్ని ఏం చేస్తావో నీ ఇష్టం. నేను అడగను.

నిర్మల


చేవెళ్ల,
5 నవంబరు.

చెల్లె నిర్మలకు,

మీ ఇంటి కాగితం నాకు చేరింది. రెండు అని ఉంది. నేను దాన్ని సర్వేలో కలపలేదు. మీ ఇల్లు చిట్టీలో రాలేదు, నమూనాలోకి రాదు. దాన్ని పంపిద్దామా వద్దా అని రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు అది నా దగ్గరే, ఇంట్లో ఉంది. చింపను. నన్ను రాయి గుండెవాడని అనుకుంటే అనుకో, నేనూ అదే అనుకుంటున్నాను.

నిన్న కొత్త జాబితా వచ్చింది. శిరీషను లెక్కించకుండానే, ఆ బిడ్డను లెక్కించకుండానే మీ ఊరు మొదటి స్థానంలో ఉంది. ఆ నాలుగు ఇళ్లు చాలాయి. జూలైలో కూడా అవి చాలేవి.

సోమవారం డాక్టర్లు వస్తున్నారు. వాళ్లతోపాటు నీళ్లు పరీక్ష చేసేవాళ్లు, వెంచరు పక్కన పైపు తవ్వి చూసేవాళ్లు కూడా వస్తారు. కొత్త పైపు పడేదాకా రోజూ ట్యాంకరు పంపుతామన్నారు. ఊరిలో చాటింపు వేయించమని సర్పంచ్‌కు వేరే కాగితం రాశాను.

ఆ ఇద్దరు లెక్కలోకి రాలేదన్న మాట అత్తమ్మకు ఎట్లా చెప్పాలో నాకు తెలియడం లేదు. నువ్వే చెప్పు.

నీ అన్న,
నాగేందర్